పది యెన్ల నాణెం మీద గుడి, గుడి కప్పు మీద బంగారు పక్షి: కథ తెలిసినవాళ్ళు చెప్పండి

చింతచెట్టు_నీడ | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా మేనల్లుడు జపాన్ నుంచి వస్తూ మా పాపకి కొంత చిల్లర తెచ్చాడు. అందులో రెండు పది యెన్ల నాణేలు. ఒకటి బాగా నల్లబడిందని, మొన్న పూజ సామాను తోముతూ దాన్ని కూడా చింతపండూ ఉప్పూ వేసి తోమాను. రాగి చెంబులా ఎర్రగా తేలింది. అప్పుడు కనిపించింది బొమ్మ. మధ్యలో పెద్ద మండపం, దానికి అటూ ఇటూ చాచిన వసారాలు. భూతద్దం పెట్టి చూస్తే కప్పు కొసల మీద రెండు చిన్న పిట్టలు. మా పాప "అమ్మా, గుడి మీద కోళ్ళున్నాయి" అంది.

మేనల్లుణ్ణి అడిగితే "అది ఫీనిక్స్ అత్తా, నిజం పిట్ట బంగారు రంగులో ఉంటుంది, ఆ ఊరికి అదే గుర్తు" అన్నాడు. అంతకుమించి తెలియదట. పాప రోజూ అడుగుతోంది. ఏ ఊరు, ఏ గుడి, పక్షిని ఎవరు పెట్టించారు? కాస్త చెప్పరూ.

పాతనాణెం | శనివారం, రాత్రి 9:32

అమ్మా, ముందు ఒక మాట. రెండో నాణేన్ని దయచేసి తోమకండి. నలభై ఏళ్ళుగా నాణేలు సేకరిస్తున్నాను. నాణెం మీద పట్టే ఆ ముదురు రంగు మురికి కాదు, లోహం తనకు తాను కప్పుకున్న పొర. చింతపండు పులుపుకి ఆ పొరతో పాటు సన్నని గీతలు కూడా అరుగుతాయి. అంత చిన్న పిట్టల్లో ముందు పోయేది ఈకల గీతలే.

ఇక నాణెం సంగతి. ఇది 1951 నుంచి వస్తోంది. కంచు నాణెం: 95 శాతం రాగి, మిగతాది జింకు, తగరం. బరువు 4.5 గ్రాములు, అడ్డంగా 23.5 మిల్లీమీటర్లు. అంచు చేత్తో తడిమి చూడండి. గరుకుగా గాట్లు తగిలితే అది 1958 లోపుది. 1959 నుంచి అంచు నునుపు చేశారు. గాట్లున్నవాటిని అక్కడి పిల్లలు కూడా ఏరి దాచుకుంటారు.

బొమ్మలో ఉన్నది బ్యోదో-ఇన్ అనే గుడి. క్యోటోకి దక్షిణాన ఉజి అనే ఊళ్ళో ఉంది. గుడి కథ నాకన్నా ఇక్కడ ఒసాకాలో ఉండే మన సభ్యురాలు బాగా చెప్పగలరు.

చింతచెట్టు_నీడ | శనివారం, రాత్రి 9:41

అయ్యో, తెలియక చేశాను బాబాయ్ గారూ. రెండోదాన్ని ముట్టుకోను. అంచు చూశాను, తోమినదానికి గాట్లున్నాయి. గాట్లున్నదాన్నే తోమేశానే అని బాధగా ఉంది.

సకురా_సందు | ఆదివారం, ఉదయం 7:05

అక్కా, బాధపడకండి. ఆ గుడికి నేను నాలుగుసార్లు వెళ్ళాను. మా ఇంటి నుంచి రైల్లో గంట పైన. తెలిసినంతా రాస్తాను, కొంచెం పొడవవుతుంది.

ఉజిలో మొదట అది గుడి కాదు, నది ఒడ్డున ఒక పెద్దింటివాళ్ళ విడిది. వెయ్యేళ్ళ కిందట జపాన్‌లో చక్రవర్తి పేరుకే పైన ఉండేవాడు, పెత్తనం ఫుజివారా వంశానిది. ఆ వంశంలో మహా బలవంతుడైన మిచినాగా ఆ విడిదిలో ఉండేవాడు. ఆయన కొడుకు యోరిమిచి 1052లో దాన్ని గుడిగా మార్చాడు. ఆ ఏడాదే ఎందుకంటే, బుద్ధుడి ధర్మం క్షీణించే చివరి కాలం సరిగ్గా ఆ సంవత్సరం మొదలవుతుందని అప్పటివాళ్ళు లెక్క కట్టి భయపడ్డారు. ఇక సొంత సాధనతో మోక్షం రాదు, అమితాభ బుద్ధుణ్ణి నమ్ముకుంటే ఆయన ఉండే పశ్చిమ లోకానికి చేరతాం అనే నమ్మకం బలంగా ఉండేది. జపాన్‌లో ఆయన్ని అమిదా అంటారు.

మరుసటి ఏడు, 1053లో, నాణెం మీద మీరు చూసిన మండపం పూర్తయింది. చెరువు మధ్యలో తూర్పు ముఖంగా కట్టారు. అంటే చెరువుకి ఇవతలి గట్టున నిలబడి చూసేవాడు పడమటికి, అమితాభుడి లోకం వైపు, దండం పెట్టుకుంటాడు. మండపం తలుపుల మధ్య జాలీలో ఒక గుండ్రని కిటికీ ఉంటుంది. ఇవతలి గట్టు నుంచి చూస్తే సరిగ్గా అందులో బుద్ధుడి ముఖం కనబడుతుంది. ఆ విగ్రహం జోచో అనే శిల్పి చేసింది. ఒకే దుంగ కాకుండా చాలా చెక్కముక్కలు కలిపి, లక్క పూసి, బంగారు రేకు అద్దారు. చుట్టూ గోడల మీద మబ్బులెక్కి వాయిద్యాలు వాయించే 52 మంది బోధిసత్వులు, అన్నీ చెక్క బొమ్మలే.

ఈ మండపం కప్పు రెండు కొసల మీద నిలబెట్టినవే ఆ రెండు పక్షులు. కంచుతో పోత పోసి బంగారు పూత పూశారు. ఒక్కొక్కటి దాదాపు మీటరు ఎత్తు. నాణెం మీద ఆవగింజంత ఉన్నా, దగ్గర నిలబడితే మీ పాపంత ఉంటాయేమో.

ఈ పక్షిని జపాన్‌లో హో-ఓ అంటారు. మండపాన్ని హో-ఓ-దో అంటారు, హో-ఓ పక్షి మండపం అని. ఈ పేరు చాలా తర్వాత, జపాన్ చరిత్రలో 'ఎదో' అని పిలిచే యుగంలో వాడుకలోకి వచ్చింది. కప్పు మీది పక్షుల వల్ల అని కొందరు, కట్టడమే రెక్కలు చాచి వెనక తోక పెట్టిన పక్షిలా ఉంటుందని కొందరు. వెనకవైపు నిజంగానే తోకలాంటి వసారా ఒకటి ఉంది. నాణెం మీద అది కనబడదు.

సందేహం_ఒకటి | ఆదివారం, ఉదయం 8:20

ఫీనిక్స్ అంటే బూడిదలోంచి లేచే పక్షి కదా? గుడి మంటల్లో కాలిపోయి మళ్ళీ కట్టారు కాబట్టి ఆ గుర్తు పెట్టారా?

సకురా_సందు | ఆదివారం, ఉదయం 8:48

కాదండీ. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, మా ఆఫీసులో ఒక జపాన్ అమ్మాయి చెప్పేదాకా నేనూ అలాగే అనుకున్నాను. ఇంగ్లీషువాళ్ళు దీనికి ఫీనిక్స్ అని పేరు పెట్టేశారు, అది గ్రీకు కథల పక్షి. హో-ఓ వేరు, ఇది చైనా నుంచి వచ్చింది. చైనాలో ఫెంగ్ మగది, హువాంగ్ ఆడది, రెండూ కలిపి ఒక పేరు. ఇది కాలదు, బూడిద కాదు, మళ్ళీ పుట్టదు. ధర్మంగా పాలించే రాజున్నప్పుడు మాత్రమే లోకానికి కనిపిస్తుందని నమ్మకం. వెదురు గింజలే తింటుంది, ఒక్క కిరి చెట్టు మీదే వాలుతుంది అంటారు.

పాత చైనా వర్ణనలో దీనికి కోడి తల, పాము మెడ, వానకోయిల దవడ, తాబేలు వీపు, చేప తోక అని ఉంటుంది. కాబట్టి అక్కా, మీ పాప "కోళ్ళు" అనడం తప్పేమీ కాదు! జుట్టూ, ముక్కు కింద వేలాడే తిత్తీ అచ్చం కోడిపుంజువే.

పైగా ఈ మండపం కాలలేదు, అదే దాని గొప్పతనం. 1180లో ఉజి వంతెన దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. శత్రువు దాటకుండా వంతెన పలకలు పీకేశారు. ఓడిపోయిన వైపు నాయకుడు మినమోతో యోరిమసా, డెబ్బై దాటిన ముసలాయన, ఈ గుడి ఆవరణలోనే ప్రాణం తీసుకున్నాడు. 1336లో మళ్ళీ యుద్ధం, ఆ మంటల్లో చుట్టూ ఉన్న కట్టడాలు చాలావరకు పోయాయి. పక్షుల మండపం మాత్రం నిలిచింది.

గుడిగంట | ఆదివారం, ఉదయం 11:15

మంచి చర్చ. రిటైరైన టీచర్‌ని, నాకు తెలిసిన ఒక సంగతి కలుపుతాను. అమితాభుణ్ణి కొలిచే జపాన్ సంప్రదాయాల్లో జోదో షిన్ ఒకటి. వాళ్ళు తమ ఏడుగురు ఆచార్యుల్లో మొదటివాడుగా మన నాగార్జునుణ్ణి చెప్పుకుంటారు. అక్కడ ఆయన పేరు ర్యూజు. ఈ గుడి కట్టిన తర్వాత పుట్టిన శాఖే అది, అయినా కృష్ణా తీరం పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆచార్యుడు అక్కడి ప్రార్థనల్లో ఉన్నాడంటే నాకెంతో సంతోషం.

గరుత్మంతుడు కూడా వెళ్ళాడు అక్కడికి. కరురా అంటారు. నారా పట్టణంలోని కోఫుకు-జి గుడిలో ఎనిమిదో శతాబ్దపు కరురా విగ్రహం ఉంది, పక్షి ముఖం, మనిషి ఒళ్ళు. అయితే ఈ హో-ఓ గరుడుడు కాదు. రెండింటినీ కలిపి "మన గరుడుడే అక్కడికి వెళ్ళాడు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళున్నారు, అందుకే ముందే రాస్తున్నాను.

పెంబర్తి_బిడ్డ | ఆదివారం, మధ్యాహ్నం 2:40

మాది ఇత్తడి పని చేసే ఇల్లు. మా తాత, మా నాన్న గుళ్ళకి కవచాలు, వాహనాలకి తాపడాలు చేసినవాళ్ళు. ఇప్పుడు నేనూ అదే పనిలో ఉన్నాను. ఈ పక్షుల ఫొటోలు తెరిచి గంట నుంచి చూస్తున్నాను. పని చేసేవాడి కళ్ళకి కనబడేది చెబుతా.

ఇది ఒకే పోత కాదు. తల, ఒళ్ళు, రెక్కలు, కాళ్ళు విడివిడిగా పోసి, మేకులతో బిగించారు. మీటరు ఎత్తు పక్షిని, చాచిన రెక్కలతో సహా ఒక్కసారే పోస్తే కంచు రెక్క కొసల దాకా పారకముందే గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. విడిగా పోస్తే ఒక రెక్క చెడినా ఆ ఒక్కటే మళ్ళీ పోసుకోవచ్చు. మేము గరుడ వాహనం చేసినా రెక్కలు వేరుగానే చేసి కలుపుతాం. గాలీ వానా తగిలే చోట ఇంకా జాగ్రత్త కావాలి. కాళ్ళు ఎంత ఎడంగా పెట్టి నిలబడిందో చూడండి. అందం కోసం మాత్రమే కాదు, తుఫాను గాలికి బరువు రెండు వైపులా పంచుకోవాలి.

మెడకి ఒక పట్టీ, దానికి చిన్న గంట. ఒంటి మీద చేప పొలుసుల్లాంటి ఈకలు. రెక్కలు సగం లేపి ఉంది, ఎగరబోతోందో, ఇప్పుడే వాలిందో తెలియదు. చేసినవాడి పేరు ఎక్కడా లేదు. మా పనిలో కూడా అంతే, పేరు రాసుకోం.

బంగారం పూత గురించి. పాతకాలంలో కంచు మీద ఎక్కువగా పాదరసం పద్ధతి వాడేవాళ్ళు. బంగారాన్ని పాదరసంలో కలిపితే వెన్నముద్దలా అవుతుంది. శుభ్రం చేసిన లోహం మీద ఆ ముద్దను రుద్ది, కింద నిప్పు పెడితే పాదరసం ఆవిరైపోతుంది, బంగారం అంటుకుపోతుంది. తర్వాత నునుపు రాయితో మెరుగు పెడతారు. ఆ ఆవిరి విషం. మా తాత ఆ పని చూసినవాడు, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదట. రెండో పద్ధతి లక్క పూసి పైన రేకు అద్దడం. గుళ్ళలో మనం చూసే బంగారు తాపడం ఇంకో రకం: రాగి రేకు మీద బంగారం ఎక్కించి, ఆ రేకుల్ని గోపురానికి కప్పుతారు.

పాతనాణెం | ఆదివారం, సాయంత్రం 4:02

బాబూ, ఎంత బాగా చెప్పావు. నలభై ఏళ్ళలో ఈ నాణేన్ని ఎన్నిసార్లు చూశానో, కాళ్ళు ఎడంగా పెట్టిన సంగతి ఒక్కసారీ గమనించలేదు.

గుడిగంట | ఆదివారం, సాయంత్రం 6:30

నాకో అనుమానం ఉంది, కాస్త కఠినంగా అనిపించినా అడుగుతాను. ఇప్పుడు ఆ కప్పు మీద ధగధగలాడుతున్న పక్షులు అసలువి కావని చదివాను. అసలువి మ్యూజియంలో పెట్టి, కొత్తవాటికి బంగారం పూసి పైన పెట్టారట. వెయ్యేళ్ళ గుడిని కొత్త పెళ్ళికూతురిలా చేయడం అవసరమా? మా ఊరి శివాలయంలో జీర్ణోద్ధరణ పేరుతో ఒక కాంట్రాక్టరు రాతి స్తంభాల మీద ఇసుక కొట్టించాడు. రాయి తెల్లగా వచ్చింది, జనం సంబరపడ్డారు. కానీ స్తంభం మీదున్న చిన్న నర్తకికి ముక్కు, పెదవి పోయాయి. ఆ స్తంభం పట్టుకుని నేను ఆడుకున్నాను. అప్పటి నుంచి పాత గుళ్ళకి మెరుగు పెడుతున్నారంటే నాకు టెన్షన్.

సకురా_సందు | ఆదివారం, రాత్రి 8:12

మాస్టారూ, మీ బాధ నాకర్థమైంది. కానీ ఇక్కడ జరిగింది అది కాదని నా నమ్మకం. వరసగా చెబుతాను.

1053 నుంచి దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు ఆ అసలు పక్షులు కప్పు మీదే ఉన్నాయి. ఎండ, మంచు, తుఫాన్లు, రెండు యుద్ధాలు తట్టుకున్నాయి. వాటిని దెబ్బతీసింది గాలి కాలుష్యం. ఫ్యాక్టరీలు, వాహనాలు పెరిగాక తుప్పు వేగంగా పట్టింది. అందుకే 1968లో కిందికి దించి, వాటి స్థానంలో అచ్చం అలాంటివే చేసి పెట్టారు. అసలువి 2001లో ఆవరణలోనే కట్టిన మ్యూజియంలో ఉన్నాయి. అవి జాతీయ సంపద. వాటిని ఎవరూ తోమలేదు, వాటికి బంగారం పూయలేదు. నల్లగా, అక్కడక్కడ పాత పూత జాడలతో, ఎలా దించారో అలాగే ఉన్నాయి.

2012 నుంచి 2014 దాకా మండపానికి పెద్ద మరమ్మతు చేశారు. కప్పు పెంకులు మార్చారు, స్తంభాలకి ఎర్రమట్టి రంగు వేశారు, కప్పు మీది నకలు పక్షులకి బంగారు పూత పెట్టారు. మీరన్నట్టే చాలామంది పెదవి విరిచారు. వాళ్ళకి అలవాటైంది వెలిసిపోయిన బూడిదరంగు చెక్క. మా ఇంటి ఓనరు పెద్దావిడకి ఇప్పటికీ నచ్చదు, "నా చిన్నప్పటి గుడి నిశ్శబ్దంగా ఉండేది" అంటారు. నేనేమో ఆ పూత జాడల్ని కళ్ళారా చూశాను కాబట్టి, కట్టించినవాళ్ళు చూసింది ఇలాంటి మెరుపునే అనుకుంటాను. స్వర్గం ఇలా ఉంటుందని చూపించడానికే కదా కట్టారు.

గుడిగంట | ఆదివారం, రాత్రి 8:40

అసలువాటిని ముట్టుకోలేదన్నారు, సగం కోపం పోయింది. మిగతా సగం ఉంది. మీ ఓనరు పెద్దావిడకి నా నమస్కారం చెప్పండి.

పెంబర్తి_బిడ్డ | ఆదివారం, రాత్రి 9:25

మాస్టారు గారూ, మీ స్తంభం సంగతి చదివి మనసు కలుక్కుమంది. రాయి మీద ఇసుక కొట్టడం హత్యే. పోయిన ముక్కు తిరిగి రాదు. కానీ లోహం మీద పూత వేరు. పూత లోహానికి చొక్కా లాంటిది. చినిగితే మారుస్తాం, ఒళ్ళు అలాగే ఉంటుంది. ఊరేగింపు వాహనాలకి మేం కొన్నేళ్ళకోసారి మెరుగు పెట్టకపోతే భక్తులే ఊరుకోరు. అసలుది దాచిపెట్టి నకలుకి మెరుగు పెట్టారంటే వాళ్ళు రెండు పనులూ చేశారు. నాకైతే అదే సరైన పద్ధతి. పైగా ఆ నకలు చేసేటప్పుడు ఇప్పటి పనివాళ్ళకి పాత చెయ్యి ఎలా నడిచిందో తెలుస్తుంది. నేను నేర్చుకున్నది మా తాత చేసిన కవచానికి నకలు చేస్తూనే.

మిషిగన్_గట్టు | సోమవారం, ఉదయం 6:50

షికాగో నుంచి. ఈ మండపానికి మా ఊరితో ఉన్న సంబంధం ఇక్కడ చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను.

1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. జపాన్ ప్రభుత్వం అక్కడి జాక్సన్ పార్కు చెరువులోని దీవి మీద ఈ మండపాన్ని నమూనాగా తీసుకుని ఒక కట్టడం కట్టింది. పేరు హో-ఓ-దెన్. జపాన్ వడ్రంగులే వచ్చి కట్టారు. ప్రదర్శన అయ్యాక దాన్ని షికాగో నగరానికి బహుమతిగా ఇచ్చారు. దాని గురించి వివరంగా పుస్తకం రాసిన పెద్దమనిషి ఒకకురా కకుజో. ఇంకా కుర్రవాడిగా ఉన్న ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్టు మీద దాని ప్రభావం చాలా ఉందంటారు. 1946లో మంటల్లో పోయింది. లోపలి చెక్కడపు పలకలు నాలుగు బతికాయి, హో-ఓ పక్షులు చెక్కినవి. వాటిని ఇక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చూశాను. చెక్కలో ఈక ఈకా లేచి ఉంటుంది.

అదే ఏడాది, అదే ప్రదర్శనలో భాగంగా జరిగిన సర్వమత సభలో వివేకానందులు మాట్లాడారు. ఆయన ఓడలో జపాన్ మీదుగానే వచ్చారు. దానికి కొన్ని నెలల ముందు, ఫిబ్రవరిలో, సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఆయన ఉపన్యాసం ఇచ్చారు. ఆ ఒకకురాయే తర్వాత 1902లో ఇండియా వచ్చి వివేకానందుల్ని కలిశాడు. నాకు జాక్సన్ పార్కులో నడిచిన ప్రతిసారీ ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి గుర్తొస్తాయి. ఇప్పుడు అక్కడ జపాన్ తోట ఉంది. కాలిపోయిన కట్టడం ఉన్న చోట యోకో ఓనో అనే కళాకారిణి పెట్టించిన ఉక్కు తామర రేకులున్నాయి, 2016లో పెట్టారు.

హవాయిలో కూడా ఒక నమూనా గుడి ఉంది, అక్కడికి జపాన్ కూలీలు వచ్చి వందేళ్ళయిన సందర్భంగా 1968లో కట్టారు. అది కాంక్రీటుది.

సందేహం_ఒకటి | సోమవారం, ఉదయం 9:05

1968! ఉజిలో అసలు పక్షుల్ని దించిన ఏడాదే హవాయిలో గుడి లేచిందన్నమాట.

క్యోటోలో బంగారు గుడి మీద కూడా ఒక బంగారు పక్షి ఉంటుంది కదా. రెండూ ఒకటేనా?

సకురా_సందు | సోమవారం, మధ్యాహ్నం 12:35

వేరు వేరు. మీరనేది కింకకు-జి. అది అషికగా యోషిమిత్సు అనే షోగన్, అంటే సైనిక పాలకుడు, 1397లో మొదలుపెట్టిన విడిది, ఆయన పోయాక గుడి అయింది. దాని కప్పు శిఖరం మీద ఒకే ఒక హో-ఓ. 1950 జూలైలో ఒక యువ సన్యాసి నిప్పు పెట్టడంతో ఆ బంగారు మండపం మొత్తం కాలిపోయింది. పాత పక్షిని అంతకుముందే కిందికి దించి ఉంచడంతో అది బతికింది. 1955లో మళ్ళీ కట్టారు. 1987లో మామూలు రేకుకన్నా ఐదు రెట్లు మందమైన బంగారు రేకు వేశారు.

పండగలప్పుడు భుజాల మీద మోసే మికోషి అనే పల్లకీల శిఖరం మీద కూడా ఈ పక్షే, బంగారు రంగులో. సందుల్లోంచి జనం అరుపుల మధ్య పల్లకి ఊగుతుంటే పైన ఆ పక్షి కూడా ఊగుతుంది, మన గరుడ సేవలాగే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఒక ఊరికి ముద్రగా నిలిచింది మాత్రం ఉజి పక్షే. ఉజి అంటే రెండే: టీ, ఆ మండపం. స్టేషన్ బయట పోస్టు డబ్బా కూడా టీ జాడీ ఆకారంలో ఉంటుంది. గుడికి వెళ్ళే వీధి పొడుగునా వేయించే టీ ఆకు వాసన.

పాతనాణెం | సోమవారం, సాయంత్రం 5:20

నోటు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2004 నవంబరులో వచ్చిన పదివేల యెన్ల నోటు వెనకవైపు ఉన్నది ఈ బ్యోదో-ఇన్ పక్షే. ముందువైపు ఫుకుజావా యుకిచి అనే విద్యావేత్త బొమ్మ. అంటే ఇరవై ఏళ్ళ పాటు జపాన్‌లో అతి చిన్న విలువల్లో ఒకటైన పది యెన్ల నాణెం మీద మండపం, అతి పెద్ద నోటు మీద దాని పక్షి. 2024 జూలైలో కొత్త నోటు వచ్చింది. ముందు షిబుసావా ఎయిచి అనే పారిశ్రామికవేత్త బొమ్మ, వెనక టోక్యో స్టేషన్ కట్టడం. పక్షి నోటు మీద నుంచి దిగిపోయింది. పాత నోట్లు చెల్లుతాయి కానీ బ్యాంకుకి వెళ్ళినవి మళ్ళీ బయటికి రావు. నాణెం మాత్రం 1951 నుంచి అదే బొమ్మతో నడుస్తోంది.

ఎవరైనా జపాన్ నుంచి వస్తుంటే ఒక పాత నోటు తెచ్చిపెట్టమని చెప్పండి, డబ్బులిచ్చేస్తాను.

సకురా_సందు | సోమవారం, సాయంత్రం 6:10

నా దగ్గర ఒకటుంది బాబాయ్ గారూ. ఇక్కడ చేరినప్పుడు తీసుకున్న మొదటి జీతంలోది, ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. దాన్నివ్వలేను కానీ ఇంకోటి వెతికి తెస్తాను.

సకురా_సందు | శనివారం, రాత్రి 7:55

ఈ చర్చ తర్వాత ఉండబట్టలేక ఇవాళ మళ్ళీ ఉజి వెళ్ళాను. తలుపులు తెరిచే వేళకే చేరాను. గాలి లేదు, చెరువులో మండపం తలకిందులుగా కదలకుండా పడి ఉంది. పొద్దు తూర్పు నుంచి సూటిగా మండపం మీద పడుతుంటే కప్పు మీది పక్షులు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. ఒక తాతగారు తన మనవడితో వచ్చారు. పది యెన్ల నాణేన్ని చెయ్యి చాచి పట్టుకుని, కన్ను మూసి, నాణెం మీది గుడినీ ఎదురుగా ఉన్న గుడినీ సరిపోల్చమని చూపిస్తున్నారు. నేనూ అలాగే చేశాను.

తర్వాత మ్యూజియంలోకి వెళ్ళాను. పెంబర్తి తమ్ముడు చెప్పినవన్నీ ఒక్కొక్కటీ వెతికి చూశాను. ఇంతకుముందు నాలుగుసార్లు ఆ పక్షుల ముందు రెండేసి నిమిషాలు నిలబడి కదిలిపోయినదాన్ని, ఇవాళ ముప్పావు గంట ఉన్నాను. రెక్క ఒంటికి కలిసే చోట అతుకు కనబడింది. మెడ పట్టీకి ఆ చిన్న గంట. కాలి వేళ్ళు నేలని గట్టిగా పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి. ముదురు గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగు. వంగి పక్క నుంచి చూస్తే ఈకల సందుల్లో, వాన నీళ్ళు అంతగా చేరని చోట, సన్నని పసుపు మెరుపు. అదే వెయ్యేళ్ళ నాటి బంగారం.

మాస్టారూ, మా ఓనరు గారికి మీ నమస్కారం చెప్పాను. గుడిగంట అనే పేరుకి అర్థం చెబితే సంతోషించారు. ఆ గుడిలో ఒక పాత గంట కూడా ఉంది, జపాన్‌లో మూడు పేరున్న గంటల్లో ఒకటి. అది చూడమని మీకు చెప్పమన్నారు.

గుడిగంట | శనివారం, రాత్రి 8:30

ఈకల సందుల్లో పసుపు మెరుపు అన్నచోట ఆగిపోయాను తల్లీ. చాలాసేపు ఇంకేం చదవలేదు.

పెంబర్తి_బిడ్డ | శనివారం, రాత్రి 8:52

అక్కా, అతుకు దగ్గర మేకు తలలు ఒంటితో సమంగా ఉన్నాయా, పైకి పొడుచుకొచ్చి ఉన్నాయా? మా నాన్న అడగమంటున్నాడు. ఆయనకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను.

సకురా_సందు | శనివారం, రాత్రి 9:15

అది చూసుకోలేదు తమ్ముడూ. ఈసారి వెళ్ళినప్పుడు మొదట అదే చూసి రాస్తాను.

చింతచెట్టు_నీడ | శనివారం, రాత్రి 9:48

అందరికీ చేతులెత్తి దండం. పాపని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి అంతా చదివి చెప్పాను. యుద్ధంలో వంతెన పలకలు పీకడం, మెడలో గంట, ఈ రెండూ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ఇప్పుడు రెండు నాణేలూ ఒక చిన్న డబ్బాలో దూది వేసి పెట్టుకుంది, ఒకటి ఎర్రగా, ఒకటి నల్లగా. నల్లదాన్ని మ్యూజియం పిట్ట అంటోంది, ఎర్రదాన్ని కప్పు పిట్ట అంటోంది.

బాబాయ్ గారూ, ఎర్రది మళ్ళీ రంగు తిరగాలంటే ఏం చేయాలి?

పాతనాణెం | శనివారం, రాత్రి 9:57

ఏమీ చేయొద్దమ్మా. పాపని వేళ్ళతో ముట్టుకోకుండా అంచు పట్టుకుని తీయమను. డబ్బా మూత అప్పుడప్పుడు తెరిచి ఉంచు. అదే తిరుగుతుంది.